తోల్‌జోర్ కాలువలో ఎర్రనీళ్లు

తాష్కెంట్ నగరానికి దక్షిణపు కొసన ఉన్న తోల్‌జోర్ మహల్లాలో ఆ వసంతకాలమంతా ఒకటే ముచ్చట. కొరియా కంపెనీ వాళ్లు పాత పత్తి గోదాముల స్థలం తీసుకున్నారట, అక్కడ బట్టలకు రంగులద్దే మిల్లు పెడతారట, దాని పక్కనే కుట్టు షెడ్లు వేస్తారట, మూడు వందల మంది ఆడవాళ్లకు పనులట. మే నెల వచ్చేసరికి ఆ "అట"లన్నీ రాలిపోయాయి. మహల్లా పెద్ద తుర్గున్ అకా తన కార్యాలయం గోడకి మూడు వందల పేర్ల జాబితా అతికించాడు. ఆడవాళ్లంతా గుంపులుగా వచ్చి వేలు పెట్టి తమ పేర్లు వెతుక్కున్నారు. పదిహేడో పేరు సనోబర్ కోడలు మవ్లూదాది.

మవ్లూదా ఆరేళ్లుగా నగరం అవతలి చివర ఒక కుట్టు కార్ఖానాలో పని చేస్తోంది. ఒక బస్సు, మెట్రో, మళ్లీ ఇంకో బస్సు. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. ఆమె భర్త సరుకు లారీ నడుపుతూ నెలలో ఇరవై రోజులు రోడ్డుమీదే ఉంటాడు. నాలుగేళ్ల కవలలు ఫాతిమా, జుహ్రా పొద్దున్న తల్లి బయల్దేరేటప్పుడు నిద్రలో ఉంటారు. సాయంత్రం ఆమె వచ్చేసరికి వాళ్ల కళ్లు మూతలు పడుతుంటాయి. ఈ మిల్లు ఇంటికి పది నిమిషాల నడక. జాబితా చూసొచ్చిన రోజున మవ్లూదా అంట్లు తోముతూ కూనిరాగం తీసింది. కోడలి గొంతులో పాట విని ఎన్నాళ్లైందో సనోబర్‌కి గుర్తు రాలేదు.

సనోబర్‌కి యాభయ్యారేళ్లు. జిల్లా నీటి విభాగంలో కాలువల తనిఖీ ఉద్యోగం, ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. రబ్బరు బూట్లు వేసుకుని, కొలత గీతలున్న కర్ర పట్టుకుని ఆమె గట్లమీద నడవని రోజు లేదు. ఏ తూము దగ్గర పూడిక పేరుకుంది, ఎవరింటి వెనక గట్టు కోసుకుపోతోంది, ఎవరు వంతు తప్పి నీళ్లు మళ్లించుకున్నారు, అన్నీ ఆమెకి తెలుసు. తనకన్నా పెద్దవాళ్లు కూడా ఆమెని సనోబర్ ఓపా అని, పెద్దక్కని పిలిచినట్టే పిలుస్తారు.

జూన్ మొదటి సోమవారం జిల్లా కార్యాలయం నుంచి మిల్లు ఫైలు ఆమె బల్లమీదికి వచ్చింది. ఆరు విభాగాల ముద్రలు అప్పటికే పడ్డాయి. నీటి విభాగం గడి ఒక్కటే ఖాళీగా ఉంది. పైన చిన్న చీటీ: శుక్రవారంలోగా.

సంతకం పెట్టాలనే ఆమె ఫైలు తెరిచింది. అయినా చదవకుండా పెట్టే అలవాటు లేదు. నలభై ఒకటో పేజీలో ఆగిపోయింది. రంగునీటి శుద్ధి కేంద్రం రెండో దశలో, అంటే నాలుగో ఏట కడతారు. అంతవరకూ మిల్లు నీళ్లు ఒక తొట్టిలో కాసేపు నిలబడి, ఆపైన తోల్‌జోర్ కాలువలోకి పోతాయి. మొదటి దశలో ఏమేం కడతారో కూడా రాసి ఉంది: మిల్లు, షెడ్లు, రాతి స్తంభాల గేటు, పాలనా భవనం, సరుకుల ప్రదర్శన మందిరం.

తోల్‌జోర్ కాలువ పాత గోదాముల దగ్గర మొదలై ఒకటిన్నర కిలోమీటరు పొడవునా ఇళ్ల మధ్యనుంచే పారుతుంది. దానిమీద నాలుగు వందల పన్నెండు ఇళ్ల పెరళ్లు ఆధారపడ్డాయి. మధ్యలో పిల్లల బడి ఆవరణలోంచి కూడా పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బడి పిల్లలంతా గట్టుమీద వరసగా కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంటారు. ఫాతిమా, జుహ్రా కూడా ఆ వరసలోనే.

ఆ సాయంత్రం మవ్లూదా చెప్పులు విప్పగానే సనోబర్ చెప్పేసింది. దాచిపెట్టి రెండు రోజులయ్యాక చెప్పడం ఆమెకి చేతకాదు.

"మిల్లు ఫైలు వచ్చింది. నేను సంతకం చెయ్యలేదు."

మవ్లూదా సంచీ కింద పెట్టింది. "ఏం, ఏమైనా తప్పుందా అమ్మా?"

"రంగునీళ్లు శుభ్రం చేసే యంత్రాలు నాలుగేళ్ల తరవాత పెడతారట. అందాకా కాలువలోకే వదులుతారు."

"నాలుగేళ్లే కదమ్మా."

"నీ పిల్లలు పుట్టి నాలుగేళ్లు. తక్కువ కాలం అనిపిస్తోందా?"

మవ్లూదా గోడకి ఆనుకుని నిలబడింది. బస్సులో నిలబడి వచ్చిన కాళ్లు. "అందరూ పెట్టారుగా సంతకాలు. మీరొక్కరు పెట్టకపోతే వాళ్లు వేరే ఊరు చూసుకుంటారు."

"చూసుకుంటారేమో. నేను మిల్లు వద్దనట్లేదు. ముందు కట్టాల్సింది ముందు కట్టమంటున్నా."

"మీ ఇష్టం అమ్మా," అని మవ్లూదా లోపలికి వెళ్లి పిల్లలకి అన్నం కలిపింది. ఆ మూడు మాటలకన్నా కోడలు నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదనిపించింది సనోబర్‌కి. ఆ రాత్రి ఇంట్లో కూనిరాగం లేదు.

మర్నాటి సాయంత్రానికి సంగతి మహల్లా అంతా పాకింది. తుర్గున్ అకా చాయ్‌ఖానా ఆవరణలో అందర్నీ పోగేశాడు. ఆయన మంచివాడే గానీ, పదేళ్ల మహల్లా పెత్తనంలో ఆయనకి దొరికిన పెద్ద పని ఇదే.

"ఓపా," అన్నాడు పియాలాలో చాయ్ పోసి ఆమె ముందు పెడుతూ, "పెళ్లికొడుకు గుమ్మందాకా వచ్చాడు. మీరు అతన్ని నిలబెట్టి చెప్పులు తిప్పి చూపించమంటున్నారు."

"మన ఇంట్లోకి ఏం తొక్కుకుని వస్తున్నాడో చూసుకోవద్దా మరి?"

నవ్వులు లేచాయి గానీ, అవి ఆమె పక్షాన లేచినవి కావు. రొట్టెలు కాల్చి అమ్మే హోసియత్ ముందుకొచ్చింది. ఆమె ఇద్దరు కూతుళ్ల పేర్లూ జాబితాలో ఉన్నాయి. "నీకేం, సర్కారు ఉద్యోగం. నెలనెలా వస్తుంది. మా పిల్లలు నా తందూరు పొగలో కళ్లు పోగొట్టుకోవాలా? అయినా నీ కాలువేమైనా మక్కాలోని జమ్‌జమ్ బావా? మొన్న మా పెరట్లోకి ఒక బూటు కొట్టుకొచ్చింది."

"బూటుని తీసి గట్టున పడెయ్యొచ్చు హోసియత్. రంగుని తియ్యగలవా?"

"రంగెంతనీ? ఇంత నీళ్లలో ఓ చుక్క," అన్నాడు తుర్గున్ అకా. "కొట్టుకుపోతుంది ఓపా. పారే నీళ్లు కదా, దానంతటదే కొట్టుకుపోతుంది."

చాలామంది తలలూపారు. సనోబర్ చాయ్ తాగి లేచింది. ఇంటికి నడుస్తుంటే ఆ మాట ఒక్కటే ఆమె చెవిలో ఉండిపోయింది. కొట్టుకుపోతుంది. ఎక్కడికి పోతుందని ఒక్కరూ అడగలేదు. నీటిశాఖ శిక్షణలో, కుర్రతనంలో, ప్రవాహం ఎంత వేగంగా పోతోందో చూడ్డానికి కాలువలో రంగు కలిపి గట్టువెంట పరుగెత్తడం ఆమెకి గుర్తుంది.

బుధవారం పొద్దున్నే జిల్లా పాలనాధికారి హోకిమ్ కింద ఉప హోకిమ్‌గా ఉన్న బొతిర్ ఫోన్ చేశాడు. ఆమె కొడుకు వయసు వాడు, మర్యాద తెలిసినవాడు, కానీ పైనుంచి గడువు పెట్టారు.

"ఓపా, మీ ఒక్క సంతకం దగ్గర అంతా ఆగిపోయింది. నన్ను ఇబ్బంది పెట్టకండి."

"ఆ ప్లాను గీసిన మనిషెవరో నాకు చూపించు నాయనా. ఒక్క గంట చాలు."

"కొరియా ఇంజినీరు హ్వాంగ్ రేపు స్థలం చూడ్డానికే వస్తున్నారు. మధ్యాహ్నం పలావు పెట్టి పంపిద్దామని ఏర్పాటు."

"మంచిది. పలావుకి ముందు కాలువ చూపిస్తా. నడిస్తే ఆకలి బాగా వేస్తుంది."

ఆ రోజు ఆఫీసు అయ్యాక సనోబర్ బజారుకెళ్లి రెండు బస్తాల బీట్‌రూట్ కొని టాక్సీలో వేసుకొచ్చింది. పొరుగింటి వాళ్ల పెళ్లి కజాన్, పాతిక కిలోల పలావు వండే ఇనప మూకుడు, అడిగి తెచ్చుకుంది. పెరట్లో పొయ్యి పేర్చి, పీట వేసుకుని తరగడం మొదలెట్టింది. ఒక బస్తాలో సగం కాకముందే మణికట్టు లాగేయసాగింది.

మవ్లూదా వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. పెరట్లోకి తొంగిచూసింది. తరవాత చేతులు కడుక్కుని, ఇంకో కత్తి తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. తనూ తరగడం మొదలెట్టింది.

"సలాడ్‌కైతే ఇది చాలా ఎక్కువమ్మా," అంది చివరికి.

సనోబర్ చెప్పింది. మొత్తం విన్నాక మవ్లూదా తల ఎత్తకుండానే అంది: "వాళ్లకి కోపమొచ్చి వెళ్లిపోతే?"

"వెళ్లిపోతే నీ ముందు తలెత్తుకోలేను. అది కూడా ఆలోచించే చేస్తున్నా."

మవ్లూదా ఇంకో దుంప తీసుకుంది. ఆమె చేతులు సనోబర్ చేతులకన్నా రెట్టింపు వేగంగా ఆడుతున్నాయి. మోచేతుల దాకా ఎర్రబడ్డాక వాటిని చూసుకుని, "రేపు కార్ఖానాలో అడుగుతారు, ఎవర్ని పొడిచొచ్చావని," అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. "రేపు ఒక పూట సెలవు పెడతాలెండి. ఆ క్యాన్లు మీరొక్కరే ఎలా ఎత్తుతారు?"

గురువారం పొద్దున తొమ్మిదికి గోదాముల దగ్గర తూము తలుపు కొంచెం దించి, సనోబర్ నీటిని మామూలు జూన్ మట్టానికి తెచ్చింది. పాలు పోసుకునే రెండు పెద్ద క్యాన్లలో చిక్కటి ఎర్రనీళ్లు, గట్టుమీద మవ్లూదా. బొతిర్ కారులో హ్వాంగ్‌ని తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, టోపీ కింద ఎర్రగా కందిన చెవులు. ఆయన వెంట రిమ్మా లిగాయ్ దిగింది.

రిమ్మాని నగరంలో చాలామందికి తెలుసు. బజారులో క్యారట్ సలాడ్ అమ్ముతుంది. తాష్కెంట్‌లోనే పుట్టి పెరిగిన కొరియన్ మనిషి. కంపెనీ దుబాసీకి ఆ ఉదయం జ్వరం రావడంతో బొతిర్ ఆమెని కొట్టు దగ్గరినుంచే ఎక్కించుకొచ్చాడు. ఆమె కొరియన్ అంతా అమ్మమ్మ నేర్పినదే. ఆమె నోరు తెరిచినప్పుడల్లా హ్వాంగ్ పెదవులు బిగపట్టి నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఏంటట ఆయనకి?" అంది సనోబర్.

"నేను మాట్లాడేది వాళ్ల ముత్తవ్వలు మాట్లాడేదట. నేను 'యంత్రం' అన్నప్పుడల్లా ఆయనకి రోకలి వినిపిస్తోందట," అంది రిమ్మా, ఏమాత్రం నొచ్చుకోకుండా. "వినిపించనీ. అర్థమవుతోంది కదా."

"అయితే చెప్పు. మిల్లు నీళ్లు బయటికి వచ్చే చోటు ఇదేనా అని అడుగు."

హ్వాంగ్ తన ప్లాను విప్పి చూసి, సరిగ్గా ఇదేనన్నాడు. సనోబర్ కోడలికి కనుసైగ చేసింది. మవ్లూదా క్యాన్ వంచింది. తరవాత రెండోది. కాలువ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రబారి, ఆ ఎరుపు నిదానంగా కదిలి ఇళ్లవైపు సాగింది.

"ఓపా, ఏంటిది?" అన్నాడు బొతిర్, గొంతు తగ్గించి.

"బీట్‌రూట్. పదండి, దాని వెంట నడుద్దాం."

నడిచారు. ఎరుపుతో సమానంగా నడవడం మొదట్లో తేలికగానే ఉంది. కానీ తోల్‌జోర్‌లో ఒక విదేశీ అతిథి ఇంటిముందు నుంచి ఊరికే వెళ్లిపోవడం జరగదు. మూడో ఇంటి దగ్గర రొట్టె విరిచి చేతిలో పెట్టారు. తొమ్మిదో ఇంటి దగ్గర నేరేడుపండు రంగు చెర్రీలు జేబుల్లో పోశారు. పియాలా ఖాళీ చేయకుండా ఎవరూ కదలనివ్వరు. హ్వాంగ్ మర్యాదగా రెండు చేతులతో అందుకుని తాగుతున్నాడు. ఈలోగా ఎరుపు వాళ్లని దాటేసి ముందుకెళ్లిపోయింది.

బడి దగ్గరికి చేరేసరికి పిల్లలంతా గట్టుమీద నిలబడి కేరింతలు కొడుతున్నారు. ఆయాలు వాళ్లని చొక్కాలు పట్టి వెనక్కి లాగుతున్నారు. జుహ్రా అప్పటికే రెండు పాదాలూ ముంచేసింది. తల్లిని చూసి, ఎర్రబడిన మేజోళ్లు గర్వంగా ఎత్తి చూపించింది. హ్వాంగ్ ఆగి ఆ మేజోళ్లని చూశాడు. రిమ్మాకి అక్కడ అనువదించడానికి ఏమీ లేదు.

ఆ పైన హోసియత్ ఎదురొచ్చింది. చేతిలో బకెట్టు, బకెట్టులో ఎర్రనీళ్లు. "ఏ చెయ్యి విరిగిపోయేవాడు చేశాడిది? మొక్కలకి పోస్తుంటే చూశా. నా రైహాన్ మొక్కలన్నీ తడిసిపోయాయి. రేపు పొద్దున్నే కోసి అమ్ముకోవాల్సిన ఆకు."

"నేనే చేశాను," అంది సనోబర్.

హోసియత్ ఆమెని, కొరియా ఆయన్ని, బొతిర్‌ని మార్చిమార్చి చూసింది.

"బీట్‌రూట్ రసం. నీ మొక్కలకేం కాదు. కావలిస్తే నాలుకమీద వేసుకో."

హోసియత్ వేలు ముంచి నాలుకకి తాకించుకుంది. "ఉప్పు తక్కువ," అంది. తరవాత బకెట్టు కింద పెట్టి, తన పెరడు వైపు చూసింది. ఆకులమీద ఎర్ర చుక్కలు ఎండకి మెరుస్తున్నాయి. "మిల్లు నీళ్లు వస్తే నాలుకమీద వేసుకోవడానికి ఉండదు, అంతేనా నువ్వనేది?"

"అంతే."

హోసియత్ బకెట్టు వదిలేసి వాళ్ల వెనకే నడిచింది. ఇంటింటి నుంచీ జనం బయటికొచ్చి, ఏమైందో కనుక్కుని, వాళ్లలో కొందరు వెనక చేరారు. తుర్గున్ అకా ఎక్కణ్నుంచో వచ్చి గుంపులో కలిశాడు.

కాలువ చిట్టచివర ఎర్గాష్ తాత మడులున్నాయి. ఎనభై దాటినవాడు, చెవులు వినపడవు. ఉల్లి, ముల్లంగి, పుచ్చ వేస్తాడు. వాళ్లు వెళ్లేసరికి ఆయన పారకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కాలువలోంచి మడిలోకి నీళ్లు వచ్చే గండిని మట్టితో పూడ్చేసి, పైన గడ్డి కూడా కప్పాడు. చెమటలు కారుతున్నాయి. ఎర్రనీళ్లు ఆ మట్టికట్టని తాకి, పక్కనుంచి రోడ్డు వార గుంటలోకి పోతున్నాయి.

"తాతా, ఎందుకు కట్టేశావ్?" అని చెవిలో అరిచి అడిగింది సనోబర్.

"ఏం నీళ్లో తెలియకుండా నా మడిలోకి రానిస్తానా?" అన్నాడు ఎర్గాష్ తాత. "నువ్వు రానిచ్చావు గానీ."

సనోబర్ గడియారం చూసింది. తూము దగ్గరినుంచి నలభై ఒక్క నిమిషాలు. "చూడండి తుర్గున్ అకా," అంది, "కొట్టుకుపోవడమంటే ఇదీ. ఇక్కడికి వస్తుంది."

హ్వాంగ్, ముసలాయన పారనీ, ఆయన కట్టిన మట్టినీ చూస్తూ నిలబడ్డాడు. తరవాత గట్టుమీద చతికిలబడి, టోపీ తీసి, మాట్లాడటం మొదలెట్టాడు. రిమ్మా తన అమ్మమ్మ మాటల్లో విని, తోల్‌జోర్ మాటల్లో చెప్పింది.

ఆయన పుట్టిన ఊళ్లోనూ రంగుల మిల్లులుండేవట. ఊరి నది ఒక రోజు నీలంగా, ఒక రోజు పచ్చగా పారేదట. వాళ్లమ్మ పొద్దున్నే వంతెనమీద నుంచి చూసి, ఈ నెల నల్లబట్టకి గిరాకీ ఉంది, నాన్నకి అదనపు షిఫ్టు దొరుకుతుంది అని చెప్పేసేదట. పిల్లలకి అదొక వేడుక. చేపలుండాలని గానీ, నీళ్లకి రంగుండదని గానీ వాళ్లకి తెలియదట. నదిని బాగుచెయ్యడానికి తరవాత పాతికేళ్లు పట్టింది. ఆయన చదువుకున్నది కూడా ఆ పనికే.

"మరి తెలిసిన మనిషే ఇలాంటి ప్లాను ఎందుకు గీశావని అడుగు," అంది హోసియత్ వెనకనుంచి.

రిమ్మా అడిగింది. హ్వాంగ్ చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. శుద్ధి కేంద్రం తను మొదటి దశలోనే గీశాడట. ప్రారంభం రోజున చూపించడానికి ఏదైనా ఘనంగా ఉండాలని పెద్ద ఆఫీసు దాన్ని వెనక్కి జరిపి, గేటునీ, భవనాన్నీ, మందిరాన్నీ ముందుకి తెచ్చిందట.

"అయితే వాటినే వెనక్కి జరపండి," అంది సనోబర్. "గేటు నాలుగేళ్ల తరవాత కట్టినా ఎవరి పెరడూ ఎండిపోదు."

"ఓపా, ప్రారంభానికి మంత్రిగారు వస్తారు. ఆయనకేం చూపించాలి?" అన్నాడు బొతిర్.

"నీళ్లు చూపించు నాయనా."

రిమ్మా అదంతా హ్వాంగ్‌కి చెప్పింది. ఆయన ఏదో అన్నాడు. రిమ్మా నవ్వింది. "భవనం లేకపోతే నేనెక్కడ కూర్చోవాలి అంటున్నాడు."

అందరూ తుర్గున్ అకా వైపు చూశారు. ఆయన కాసేపు గడ్డం రాసుకున్నాడు. "చాయ్‌ఖానా పక్కన నా ఆఫీసులో రెండు గదులున్నాయి," అన్నాడు. "ఒకటి పాత కుర్చీలతో నిండి ఉంది. ఖాళీ చేయిస్తా. చలికాలంలో పొయ్యి కొంచెం పొగ చూరుతుంది, ముందే చెప్పండి ఆయనకి."

మధ్యాహ్నం పలావు బాగానే తిన్నారు. హ్వాంగ్ మాత్రం మాట ఇవ్వలేదు. రాసి పంపిస్తాను, నిర్ణయం వాళ్లది అన్నాడు. శుక్రవారం వచ్చింది, పోయింది. నీటి విభాగం గడి ఖాళీగానే ఉంది.

ఆ తరవాతి పంతొమ్మిది రోజులు సనోబర్ జీవితంలో పొడవైనవి. బొతిర్ ఫోన్లు ఆగిపోయాయి, అది తిట్టడంకన్నా అన్యాయం. కంపెనీ వాళ్లు వేరే నగరంలో స్థలం చూస్తున్నారని ఎవరో అన్నారు. గట్టువెంట ఆ రోజు నడిచినవాళ్లలోనే కొందరికి, రోజులు గడిచేకొద్దీ, కాలువకన్నా మిల్లే పెద్దగా కనిపించసాగింది. జాబితా గోడమీద ఎండకి వెలిసిపోతోంది. మవ్లూదా పొద్దున్నే వెళ్లి చీకటిపడే వేళకి వస్తూనే ఉంది. సనోబర్ మూడుసార్లు ఫైలు తెరిచి కలం చేతిలోకి తీసుకుంది. మూడోసారి అది ఇంట్లో, వంటబల్ల దగ్గర. వెనకనుంచి వచ్చిన మవ్లూదా ఫైలు మూసి, అలమరా పైన పెట్టింది.

"ఇంకో వారం చూద్దామమ్మా. నా బస్సు ఎక్కడికీ పోదులెండి."

జవాబు ఆఫీసుద్వారా కాదు, రిమ్మా లిగాయ్ ద్వారా వచ్చింది. హ్వాంగ్ ఆమె భాషకి అలవాటుపడి, కంపెనీ దుబాసీని కాదని బజారుకే వచ్చి ఆమెతో మాట్లాడాడు. ఆమె కొట్టు కట్టేసి, ఒక సంచీడు క్యారట్ సలాడ్ పట్టుకుని నేరుగా సనోబర్ ఇంటికొచ్చింది.

"ఒప్పుకున్నారు. శుద్ధి కేంద్రం మొదటి దశలో. సగానికి పైగా నీళ్లు మళ్లీ మళ్లీ వాళ్లే వాడుకుంటారట, మీ కాలువలోంచి తీసుకునేది కూడా తగ్గుతుందట. కానీ రెండు మెలికలున్నాయి. కూర్చో, నిలబడి వినకు."

మొదటిది, కాలువ పూడిక మహల్లా వాళ్లే తియ్యాలి. రెండోది కష్టమైనది. పని మూడు నెలలు ఆలస్యంగా మొదలవుతుంది, మొదటి ఏడు రెండు వందల పదిమందికే ఉద్యోగాలు. మిగతా తొంభైమంది ఆగాలి. మవ్లూదా పదిహేడోది కాబట్టి ఆమెకి ఢోకా లేదు. హోసియత్ పెద్ద కూతురు అరవై రెండు. చిన్న కూతురు రెండు వందల ముప్పైమూడు.

సనోబర్ ఆ సంగతి చెప్పడానికి తనే హోసియత్ ఇంటికెళ్లింది. హోసియత్ తందూరులోకి వంగి రొట్టెలు అతికిస్తోంది. విని, నిటారుగా నిలబడి, మొహం తుడుచుకుంది.

"నీ కోడలికి వచ్చింది. నా చిన్నదానికి రాలేదు."

"అవును."

"ఇది నేను మర్చిపోను ఓపా."

"మర్చిపోవద్దు. ఏడాది తిరిగేలోగా దాన్ని తీసుకోకపోతే నన్నడుగు."

హోసియత్ వేడి రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది, కాస్త విసురుగానే.

మార్చిన ప్లాను చేతికొచ్చి, చదివాక సనోబర్ నీటి విభాగం గడిలో సంతకం పెట్టింది. ఆగస్టులో రెండు ఆదివారాలు హషర్, అంటే అందరూ కలిసి చేసే ఊరిపని, జరిగింది. పూడిక తియ్యడానికి ఇంటికొకరు చొప్పున పారలతో దిగారు. మూడేళ్ల మట్టి, సీసాలు, ఒక సైకిలు చక్రం బయటికొచ్చాయి. బొతిర్ ప్యాంటు మడిచి దిగి కెమెరా ముందు రెండు పారలు ఎత్తాడు. సాయంత్రం టీవీలో, పర్యావరణానికి మొదటి స్థానం ఇవ్వాలన్నది మన జిల్లా ఆలోచన అని చెప్పాడు. మవ్లూదా ఉడుక్కుంది. సనోబర్ మాత్రం, ఆ ఆలోచన తనదే అనుకున్నంతకాలం కుర్రాడు దాన్ని కాపాడుకుంటాడులే అంది.

మరుసటి ఏడు శరత్కాలంలో మిల్లు మొదలైంది. గేటు లేదు, రెండు ఇనప గుంజల మధ్య గొలుసు. మంత్రిగారు వచ్చి, వరసగా ఉన్న తొట్లనీ పైపులనీ చూసి తలూపారు. మొదటిసారి నీళ్లు కాలువలోకి వదిలిన రోజున సగం మహల్లా గట్టుమీద నిలబడింది. పైపులోంచి తేటగా, కొంచెం ఆవిరి కక్కుతూ నీళ్లొచ్చాయి. చూడ్డానికి వచ్చిన వాళ్లలో కొందరు ఇంతేనా అన్నట్టు మొహాలు పెట్టారు. సనోబర్ ఆ నీళ్లు సీసాలో పట్టి పరీక్షకి పంపింది. ఆ తరవాత ప్రతి సోమవారం పంపుతూనే ఉంది. రెండుసార్లు అంకెలు తేడా వచ్చాయి. రెండుసార్లూ హ్వాంగ్ తనే రంగు యంత్రాలు ఆపించాడు.

అన్నీ నల్లేరుమీద బండిలా సాగాయని కాదు. రెండో చలికాలంలో ఆర్డర్లు తగ్గి నెలన్నరపాటు సగం షిఫ్టులే నడిచాయి. హ్వాంగ్ గదిలో పొయ్యి పొగచూరి, ఆయన కోటు వేసుకుని కిటికీ తెరుచుకుని పనిచేశాడు. కానీ హోసియత్ చిన్న కూతురు పదకొండో నెలలో పనిలో చేరింది. మవ్లూదా కుట్టు వరసలోంచి సరుకు తనిఖీకి మారింది. పిల్లల్ని తనే బడిలో దింపి, తనే తీసుకొస్తోంది. సాయంత్రాలు గట్టువెంట ముగ్గురూ ఊసులాడుకుంటూ రావడం సనోబర్ వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది.

మిల్లు నీళ్లు గోరువెచ్చగా వస్తాయి కదా, ఆ చలికాలం కాలువ గడ్డకట్టలేదు. ఎర్గాష్ తాత అది గమనించి, గట్టుకి ఆనుకుని ఉన్న మడిమీద ప్లాస్టిక్ పట్టా కప్పి ఉల్లి నాటాడు. ఫిబ్రవరిలో, బజారులో ఇంకా ఎక్కడా పచ్చటాకు లేని రోజుల్లో, ఒక కట్ట ఉల్లికాడలు తెచ్చి సనోబర్ గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు.

మవ్లూదా వాటిని సన్నగా తరిగి, కొవ్వు, మిరియాలు కలిపి, పిండిలో మడిచి సంసాలు చేసింది. చాయ్‌ఖానా వైపు నుంచి తుర్గున్ అకా, ఆయన వెంట హ్వాంగ్ వచ్చారు. హ్వాంగ్‌కి అప్పటికి ఉజ్బెక్ కాస్త వచ్చింది, అదీ ఎక్కువగా రిమ్మా బజారు భాష. ఐదో సంసా తిన్నాక, ఇంక చాలన్నట్టు గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"కడుపులో చోటు లేదు తల్లీ, కానీ పళ్లెంలో ఇంకా ఉన్నాయి, ఏం చెయ్యను?" అన్నాడు.

"తినండి," అంది సనోబర్, పళ్లెం ఆయన వైపు జరుపుతూ. మవ్లూదా అప్పటికే రెండో వాయి పొయ్యిలో పెట్టింది.